రంజాన్‌కు మానేస్తాడుగా, ఇంకేం భయం? (ముస్లిం మగవాళ్ల మందు అలవాటు: అపోహలు - వాస్తవాలు)

అపోహ: ముస్లింలు తాగరు.

మిగతావారికన్నా తక్కువమంది తాగుతారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోనూ అదే కనిపిస్తుంది. తాగేవాళ్లు మాత్రం చాటున తాగుతారు, చిక్కంతా ఆ చాటులోనే ఉంది. విశాఖపట్నం కోటవీధిలోనో అల్లిపురంలోనో ఉండే మనిషి సొంత పేటలో సీసా కొనడు. డ్యూటీ దిగాక గాజువాక వైపే దోస్తులతో కానిస్తాడు. వాసన పోయేలోగా ఇల్లు చేరకూడదు, అలాగని ఆలస్యమూ కాకూడదు. అందుకే ఖాళీ కడుపున పావుగంటలో క్వార్టర్ లేపేసి, నోట్లో ఇలాయిచీ వేసుకుని బైకెక్కుతాడు. 42.8 శాతం ఘాటున్న 180 మి.లీ.లో దాదాపు 60 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. కాలేయం గంటకు కరిగించేది సుమారు 7-10 గ్రాములే. రాత్రి పదింటికి తాగితే ఫజర్ అజాన్ (తెల్లవారుజాము నమాజు పిలుపు) వేళకూ ఒంట్లో కొంత మిగిలి ఉండొచ్చు.

అపోహ: బీరు మందు కాదు.

8 శాతం స్ట్రాంగ్ బీరు 650 మి.లీ. సీసాలో దాదాపు 40 గ్రాముల ఆల్కహాల్. లెక్క మీరే వేసుకోండి.

అపోహ: దోస్తులే చెడగొట్టారు.

"ఏంరా, మౌలానావా?" అనే ఎగతాళితో మొదటి పెగ్గు పోసేది దోస్తులే. ఆ తర్వాత అలవాటును పెంచేది గుట్టు. ఎంత తాగుతున్నాడో ఇంట్లో తెలియదు కాబట్టి "ఇక చాలు" అనేవాళ్లుండరు. తాగుడు ఎంత ముదిరిందో కొలిచే ఆడిట్ (AUDIT) ప్రశ్నావళిలోని 10 ప్రశ్నలూ ఒంటరిగా కూర్చోబెట్టి అడగాలి. అబ్బాజాన్ పక్కనుంటే "ఎప్పుడో ఒకసారి" అనే జవాబే వస్తుంది. 40 మార్కులకు 8 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే జాగ్రత్త పడాలి.

అపోహ: తాగితే నలభై రోజులు నమాజు చెల్లదు, మసీదుకెళ్లి ఏం లాభం?

ఆ మాట చెప్పే హదీసు (ప్రవక్త వచనం)లోనే తౌబా (పశ్చాత్తాపం) చేస్తే అల్లాహ్ స్వీకరిస్తాడనీ ఉంది. నమాజు బాధ్యత తప్పదనే ఉలమాలూ (మత పండితులూ) చెబుతారు. సగం మాట పట్టుకుని మసీదు మానేస్తే, చివరికి మిగిలేది ఆ సిట్టింగే.

అపోహ: రంజాన్‌లో ముట్టడు, కాబట్టి బానిస కాడు.

అన్నిటికన్నా ప్రమాదకరమైన అపోహ ఇదే. రోజూ తాగేవాడు నెలవంక కనబడ్డ రాత్రి ఉన్నట్టుండి ఆపేస్తే, 6-24 గంటల్లో చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి. ఇంట్లోవాళ్లు రోజా (ఉపవాసం) నీరసం అనుకుంటారు. తొలి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు దాటాక లేనివి కనిపించడం, మతి తప్పడం మొదలైతే ప్రాణాపాయమే. రంజాన్‌కు రెండు వారాల ముందే డాక్టర్ దగ్గర మాన్పించే మందులు, థయామిన్ (విటమిన్ బి1) మొదలుపెట్టాలి. జబ్బుపడ్డవారు తప్పిన రోజాను తర్వాత ఖజాగా (బదులుగా) ఉండొచ్చని ఖురాన్ (2:185) అనుమతిస్తోంది. చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలకు వెళ్లొచ్చు, మత్తు మాన్పించే జాతీయ హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేయొచ్చు. వణుకు మొదలయ్యాక ఇఫ్తార్ దాకా ఆగొద్దు.

అపోహ: కూరలో మాత్ర కలిపితే చాలు.

తాగితే ఒంటికి పడకుండా చేసే డైసల్ఫిరామ్ మాత్రను తెలియకుండా పెడితే, తాగినప్పుడు బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. మాత్ర ఆపాక రెండు వారాల వరకూ ఈ ప్రమాదం ఉంటుంది. తెలిసి వాడేవాళ్లు కూడా ఆల్కహాల్ ఉన్న దగ్గు సిరప్‌లు, సెంట్లు మానాలి. ఆల్కహాల్ కలపని అత్తరుకు అడ్డు లేదు.