ఆసియా కప్ ఫుట్‌బాల్: అపోహలు - వాస్తవాలు

అనంతపురం జిల్లాలో పాఠశాలల, కళాశాలల, గ్రామ జట్ల ఫుట్‌బాల్ పోటీలకు రెఫరీగా పనిచేస్తున్న నాకు ఆట ముగిశాక తరచూ మరో పంచాయితీ ఎదురవుతుంది. మన పోటీ గురించి మొదలైన మాట కాసేపట్లోనే ఆసియా కప్ మీదికి మళ్లుతుంది. అక్కడ తమ్ముళ్లు ఎంతో నమ్మకంతో చెప్పే సంగతుల్లో చాలా భాగం సరైనవి కావు. ఆసియా కప్ అనగానే క్రికెట్ గుర్తుకు వచ్చేవారి సంగతి పక్కన పెట్టి, ఫుట్‌బాల్ ఆడుతూ కూడా పొరబడుతున్నవారి కోసమే ఇది రాస్తున్నాను.

అపోహ: రహీం సార్ శిక్షణలో భారత్ ఆసియా కప్ గెలిచింది.

వాస్తవం: గెలిచింది ఆసియా కప్ కాదు, ఆసియా క్రీడల స్వర్ణం. 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలోనే మన జట్టు స్వర్ణ పతకాలు సాధించింది. ఆసియా క్రీడలు అనేక క్రీడల సమాహారం కాగా, ఆసియా కప్ అనేది ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య 1956లో హాంకాంగ్‌లో మొదలుపెట్టిన జాతీయ జట్ల ఛాంపియన్‌షిప్. ఇందులో మన అత్యుత్తమ స్థానం 1964లో వచ్చిన రెండో స్థానం. అప్పటికి రహీం లేరు. ఆయన 1963 జూన్‌లోనే కన్నుమూశారు.

అపోహ: 1964 ఫైనల్‌లో భారత్ ఓడిపోయింది.

వాస్తవం: ఆ ఏడాది ఫైనల్ అన్నదే లేదు. ఇజ్రాయెల్‌లో జరిగిన ఆ టోర్నీలో నాలుగే జట్లు ఒకదానితో ఒకటి లీగ్ పద్ధతిలో ఆడాయి. భారత్ దక్షిణ కొరియాను 2-0తో, హాంకాంగ్‌ను 3-1తో ఓడించి, ఇజ్రాయెల్ చేతిలో 0-2తో ఓడి, పట్టికలో రెండో స్థానంలో నిలిచింది. అర్హత దశలో మన విభాగంలోని మిగతా జట్లన్నీ తప్పుకోవడంతో అక్కడ ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే మనవాళ్లు టోర్నీకి చేరుకున్నారు. ఈ విషయం చెబితే కొందరికి కోపం వస్తుంది. కానీ అంతకుముందు జరిగిన రెండు టోర్నీల విజేత కొరియాను ఓడించడం నిజమైన ఘనతే కాబట్టి, దాన్ని ఉన్నదున్నట్టుగా చెప్పుకుంటే మనకు వచ్చే నష్టమేమీ లేదు.

అపోహ: లీగ్ దశలో గోల్స్ తేడా (కొట్టిన గోల్స్‌లోంచి ఇచ్చుకున్నవి తీసేస్తే మిగిలేది) ఎక్కువ ఉన్న జట్టే ముందుకు వెళుతుంది.

వాస్తవం: మన పోటీల్లో కూడా ఎక్కువ గొడవలు దీనిమీదే వస్తాయి కనుక కొంచెం వివరంగా చెబుతాను. 2019 నుంచి ఆసియా కప్‌లో 24 జట్లు ఆరు గ్రూపులుగా ఆడుతున్నాయి. ప్రతి గ్రూపు నుంచి మొదటి రెండు జట్లు, మూడో స్థానంలో నిలిచిన ఆరింటిలో మెరుగైన నాలుగు జట్లు తరువాతి దశకు చేరతాయి. ఒకే గ్రూపులో రెండు జట్ల పాయింట్లు సమానమైతే ముందుగా చూసేది ఆ రెండూ తలపడిన మ్యాచ్ ఫలితాన్నే. మొత్తం గోల్స్ తేడా ఆ తరువాతి సంగతి.

2019లో యూఏఈలో జరిగిన టోర్నీలో మన గ్రూపు దీనికి చక్కని ఉదాహరణ. భారత్ థాయ్‌లాండ్‌పై 4-1తో గెలిచి, యూఏఈ చేతిలో 0-2తో ఓడింది. చివరి మ్యాచ్‌లో బహ్రెయిన్‌ను 90 నిమిషాల దాకా గోల్ లేకుండా నిలువరించినా, ఆపై అదనంగా కలిపిన సమయంలో పెనాల్టీ ఇచ్చుకుని 0-1తో ఓడింది. అదే సమయంలో మరో మైదానంలో థాయ్‌లాండ్, యూఏఈ 1-1తో ముగించాయి. పట్టికలో థాయ్‌లాండ్‌కు, బహ్రెయిన్‌కు చెరి నాలుగు పాయింట్లు వచ్చాయి. థాయ్‌లాండ్ గోల్స్ తేడా మైనస్ రెండు కాగా బహ్రెయిన్‌ది సున్నా. అయినా రెండో స్థానం థాయ్‌లాండ్‌కే దక్కింది, ఎందుకంటే ముఖాముఖి పోరులో బహ్రెయిన్‌ను 1-0తో ఓడించింది. గోల్స్ తేడా సున్నాగానే ఉన్నా మూడు పాయింట్లతో మిగిలిన భారత్ అట్టడుగున నిలిచి ఇంటికి వచ్చింది. ఆ పెనాల్టీ పడకుండా మ్యాచ్ డ్రాగా ముగిసి ఉంటే, థాయ్‌లాండ్‌తో సమానంగా నాలుగు పాయింట్లు ఉండి, ఆ జట్టుపై గెలిచిన బలంతో మనమే రెండో స్థానంలో ఉండేవాళ్లం. అందుకే మన పోటీలు నిర్వహించేవారికి నేను చెప్పేది ఒక్కటే: పాయింట్లు సమానమైతే దేన్ని ముందు చూస్తారో మొదటి మ్యాచ్‌కు ముందే కాగితం మీద రాసి, అన్ని జట్ల కెప్టెన్ల చేత సంతకం పెట్టించుకోండి.

అపోహ: వీఏఆర్ ఉంటే రెఫరీ చేసిన ప్రతి తప్పూ సరిదిద్దవచ్చు.

వాస్తవం: వీడియో సహాయక రెఫరీ (వీఏఆర్) జోక్యం చేసుకోగల సందర్భాలు పరిమితం. గోల్, పెనాల్టీ, నేరుగా ఇచ్చే రెడ్ కార్డు, ఒకరి బదులు మరొకరికి కార్డు చూపించడం, 2024 నాటి నిబంధనల ప్రకారం ఈ నాలుగు విషయాల్లో స్పష్టమైన పొరపాటు జరిగితేనే ఆ జోక్యం ఉండేది. 2024 జనవరిలో ఖతర్‌లో ఆసియా కప్‌లో ఇరాక్, జోర్డాన్ మధ్య జరిగిన ప్రీక్వార్టర్ ఫైనల్‌ను గుర్తు తెచ్చుకోండి. ఇరాక్‌ను 2-1 ఆధిక్యంలోకి తెచ్చిన ఐమన్ హుస్సేన్ సంబరంలో నేలమీద కూర్చుని గడ్డి తింటున్నట్టు అభినయించగా, రెఫరీ అలీరెజా ఫగానీ రెండో పసుపు కార్డు చూపించి అతన్ని బయటకు పంపించాడు. పదిమందితో మిగిలిన ఇరాక్ చివర్లో కలిపిన సమయంలో రెండు గోల్స్ ఇచ్చుకుని 2-3తో ఓడిపోయింది. ఆ కార్డు న్యాయమా కాదా అని రెఫరీలు నేటికీ వాదించుకుంటారు. నా మటుకు నేను మాటతో హెచ్చరించి ఊరుకునేవాణ్ని. అయితే అప్పటి నిబంధనల ప్రకారం రెండో పసుపు కార్డును సమీక్షించే అధికారం వీఏఆర్‌కు లేదు కాబట్టి, ఎవరు ఎంత అరిచినా ఆ తీర్పు మారేది కాదు.

మన దగ్గర పరిస్థితి వేరు. ఆషాఢ మాసపు గాలికి రెండో అర్ధభాగం వచ్చేసరికి సున్నంతో వేసిన గీతలు సగం ఎగిరిపోయి, పెనాల్టీ ఏరియా అంచు ఎక్కడుందో గుర్తించడానికి మూలల్లో పాతిన రాళ్లే ఆధారమవుతాయి. ఆఫ్‌సైడ్ (బంతి అందించే సమయానికే దాడి చేసే ఆటగాడు ప్రత్యర్థులను దాటి ముందు నిలవడం) చెప్పాలంటే సహాయక రెఫరీ రక్షించే జట్టులో చివరి నుంచి రెండో ఆటగాడికి సరిసమానంగా పరుగెత్తుతూ ఉండాలి. అతడు రెండడుగులు వెనకబడితే చాలు, తీర్పు తారుమారవుతుంది. ఇక ఎవరో ఫోన్‌లో తీసిన వీడియో పట్టుకొచ్చి "సార్, మీరే చూడండి సార్" అంటారు. అలాంటి వీడియోను చూసి తీర్పు మార్చే అధికారం ఏ స్థాయిలోనూ రెఫరీకి లేదు.

అపోహ: ఒకే జట్టుకు మూడు పెనాల్టీలు ఇచ్చారంటే అందులో ఏదో ఉంది.

వాస్తవం: పెనాల్టీలకు కోటా లేదు. 2024 ఫిబ్రవరి 10న లుసైల్‌లో జరిగిన ఫైనల్‌లో ఖతర్ ఆటగాడు అక్రమ్ అఫీఫ్ మూడు పెనాల్టీలను గోల్స్‌గా మలిచి జోర్డాన్‌పై 3-1తో తన జట్టును గెలిపించాడు. ఒక జట్టుకు ఇప్పటికే పెనాల్టీ ఇచ్చానన్న సంగతిని మనసులో పెట్టుకుని తరువాతి ఫౌల్‌ను వదిలేసే రెఫరీయే నిజానికి పక్షపాతం చూపినట్టు.

అపోహ: పురుషుల మ్యాచ్‌లకు మహిళలు రెఫరీలుగా పనికిరారు.

వాస్తవం: 2024 జనవరి 13న భారత్, ఆస్ట్రేలియా మధ్య మ్యాచ్‌కు జపాన్‌కు చెందిన యోషిమి యమషిత రెఫరీగా వ్యవహరించింది. పురుషుల ఆసియా కప్ చరిత్రలో ఒక మహిళ మ్యాచ్‌ను నడిపించడం అదే మొదటిసారి, అదీ మన జట్టు ఆడిన మ్యాచ్‌లోనే. మన జిల్లాలో రెఫరీ శిక్షణకు వచ్చే అమ్మాయిలకు చిన్న పిల్లల మ్యాచ్‌లు మాత్రమే అప్పగించే అలవాటు ఇప్పటికైనా మానాలి.

అపోహ: ఆసియా కప్ గెలిస్తే ప్రపంచ కప్‌కు నేరుగా వెళ్లవచ్చు.

వాస్తవం: పురుషుల విషయంలో ఇది తప్పు. ప్రపంచ కప్‌కు అర్హత పోటీలు వేరుగా ఉంటాయి. ఆసియా కప్ విజయం వల్ల ఫిఫా ర్యాంకింగ్‌లో చెప్పుకోదగ్గ మేలు కలుగుతుంది, అంతే. మహిళల ఆసియా కప్ మాత్రం ప్రపంచ కప్‌కు దారి చూపుతుంది. 2025 జులైలో మన అమ్మాయిలు థాయ్‌లాండ్‌ను వారి గడ్డ మీదే 2-1తో ఓడించి 2026 ఆసియా కప్‌కు అర్హత సాధించినప్పుడు దానికి అంత విలువ దక్కడానికి కారణం ఇదే. అదే ఏడాది పురుషుల జట్టు సింగపూర్ చేతిలో స్వదేశంలో 1-2తో ఓడి, 2027 టోర్నీకి దూరమైంది.

మిగిలినవి క్లుప్తంగా చెబుతాను. ఆస్ట్రేలియా ఆసియా ఖండంలో లేకపోయినా 2006లో ఆసియా సమాఖ్యలో చేరి 2015లో కప్పు కూడా గెలిచింది కాబట్టి ఆ జట్టు ఆడటంలో అక్రమమేమీ లేదు. 2023 కప్ అన్న పేరు ఉన్నా ఆట జరిగింది 2024లోనే; ఆతిథ్యం నుంచి చైనా తప్పుకోవడంతో ఖతర్‌కు మార్చారు, అక్కడి వేసవి ఎండల కారణంగా జనవరికి జరిపారు. మూడో స్థానం కోసం మ్యాచ్ ఎప్పుడని అడిగేవారికి జవాబు: 2019 నుంచి ఆ మ్యాచ్ లేదు.