టీనేజీ పిల్లల ఎదుగుదల: ఓపీలో రోజూ వినే అపోహలు, వాటి వెనక వాస్తవాలు

చంటిబిడ్డ దగ్గు గురించి వరండాలోనే గట్టిగా చెప్పే తల్లి, పదమూడేళ్ళ కొడుకు విషయానికొచ్చేసరికి వాణ్ణి బయట కూర్చోబెట్టి, తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి అడుగుతుంది. పిల్లల డాక్టరుగా 10 నుంచి 19 ఏళ్ళ వాళ్ళ గురించి నేను వినే ప్రశ్నల్లో చాలావరకు ఇలా గుసగుసగా వచ్చేవే. వాటిలో ఎక్కువ భాగం ఒకే పొరపాటు నుంచి పుడతాయి: ఒళ్ళు, ఎత్తు, బుద్ధి, మనసు అన్నీ కలిసి ఒకే వేగంతో పెరుగుతాయనుకోవడం. అలా పెరగవు. దేని టైమ్‌టేబుల్ దానిది. పైగా అది పిల్లపిల్లకీ మారుతుంది.

అపోహ: పెద్దమనిషి అయితే ఎత్తు ఆగిపోతుంది. ఇంజెక్షన్ వేయించి వాయిదా వేయాలి.

"పదకొండేళ్ళకే అయిందండీ, ఇంకో రెండేళ్ళు ఆపలేరా?" అని అడుగుతారు. ఆడపిల్లల్లో యవ్వనం మొదటి నెలసరితో మొదలవదు. అంతకు సుమారు రెండు, రెండున్నరేళ్ళ ముందే చనుమొన కింద చిన్న గడ్డలా తగులుతుంది. అదే తొలి గుర్తు. ఒక్కోసారి ముందు ఒకవైపే వస్తుంది, కేన్సరేమోనని హడలిపోయి వచ్చేవాళ్ళూ ఉన్నారు. పిల్ల జోరుగా ఎత్తు పెరిగేది ఆ గుర్తుకీ నెలసరికీ మధ్య కాలంలోనే. రజస్వల అయ్యేసరికి ఆ జోరు తగ్గుతుంది గానీ పూర్తిగా ఆగదు. ఆ తర్వాత కూడా సాధారణంగా 5 నుంచి 7 సెంటీమీటర్లు పెరుగుతుంది.

తొలి గుర్తు 8 నుంచి 13 ఏళ్ళ మధ్య ఎప్పుడు కనిపించినా మామూలే. 8 ఏళ్ళలోపు కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా చూపించాలి. అప్పుడు చేతి ఎక్స్‌రే తీసి ఎముకల వయసు చూస్తాం, హార్మోన్ పరీక్షలు చేయిస్తాం, నిజంగా అవసరమైతే ఆ వేగాన్ని ఆపే ఇంజెక్షన్లు ఇస్తాం. పదకొండేళ్ళకి నెలసరి వచ్చిన పిల్లకి అవే ఇంజెక్షన్లు వేయిస్తే డబ్బు పోతుంది తప్ప ఎత్తు రాదు.

ఎత్తు ఎంతవరకు రావచ్చో ఇంట్లోనే ఉజ్జాయింపుగా లెక్కేసుకోవచ్చు. అమ్మానాన్నల ఎత్తులు సెంటీమీటర్లలో కూడండి. అబ్బాయికైతే 13 కలపండి, అమ్మాయికైతే 13 తీసేయండి, వచ్చినదాన్ని సగం చేయండి. నాన్న 170, అమ్మ 155 అయితే కొడుక్కి 169, కూతురికి 156. అటూ ఇటూ ఓ 8 సెంటీమీటర్లు తేడా ఉండొచ్చు. టీవీలో చూపించే పొడులు, కడ్డీ పట్టుకుని వేలాడటాలు ఈ లెక్కని మార్చలేవు.

అపోహ: బ్రాయిలర్ కోడి, ప్యాకెట్ పాల వల్లే ఆడపిల్లలు తొందరగా పెద్దమనుషులవుతున్నారు.

బ్రాయిలర్ కోడి అంత త్వరగా పెరిగేది జాతి ఎంపిక వల్ల, దాణా వల్ల. వేల కోళ్ళున్న షెడ్డులో ఒక్కోదాన్నీ పట్టుకుని హార్మోన్ ఇంజెక్షన్ పొడిచే తీరిక ఏ రైతుకీ ఉండదు. పాలు చేపడానికి గేదెలకి ఆక్సిటోసిన్ పొడవడం తప్పే, అది ఆ పశువుకి హింస కూడా. కానీ ఆ హార్మోన్ పాలలోకి వచ్చిందనుకున్నా మన కడుపులో పడ్డాక అరిగిపోతుంది, దానివల్ల రజస్వల కారు. కోళ్ళకి వాడే యాంటీబయాటిక్స్ గురించి ఆందోళన పడితే అర్థముంది, అది వేరే సంగతి. మరి కారణమేంటంటారా? ముందు అమ్మ ఏ వయసులో పెద్దమనిషి అయిందో అడగండి, వంశపారంపర్యం పాత్ర చాలా ఉంటుంది. తర్వాత పిల్లని వేయింగ్ మెషీన్ ఎక్కించండి. ఒంట్లో కొవ్వు పెరిగిన పిల్లల్లో యవ్వనం ముందుగా మొదలవుతుంది.

అన్నట్టు, పెద్దమనిషైన పిల్లకి చిమ్మిలి పెట్టడం నాకు నచ్చే ఆచారం. నువ్వులు, బెల్లం మంచివే. ఫంక్షన్ అయిపోగానే ఆ శ్రద్ధ కూడా అయిపోవడమే నచ్చదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15-19 ఏళ్ళ అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. అబ్బాయిల్లో కూడా 31 శాతం. స్కూల్లో వారానికోసారి ఇచ్చే ఐరన్ మాత్ర కిటికీలోంచి విసిరేయకుండా మింగితే చాలు, ఖాళీ కడుపుతో కాకుండా భోజనం చేశాక.

అపోహ: నెలసరి క్రమం తప్పిందంటే పీసీఓడీ (హార్మోన్ల తేడాతో అండాశయాల్లో వచ్చే సమస్య, పీసీఓఎస్ అన్నా ఇదే).

మొదటి రెండు మూడేళ్ళు అండం ప్రతి నెలా విడుదల కాదు, కాబట్టి 21 నుంచి 45 రోజుల మధ్య ఎప్పుడొచ్చినా మామూలే. పద్నాలుగేళ్ళ పిల్లకి స్కాన్ తీస్తే అండాశయంలో నీటిబుడగల్లాంటివి బోలెడు కనిపిస్తాయి, ఆ వయసులో అది సహజం. అందుకే మొదటి నెలసరి నుంచి 8 ఏళ్ళ దాకా స్కాన్ చూసి పీసీఓఎస్ అని తేల్చొద్దని 2023 అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. అయినా ఆ రిపోర్టు ఫైల్లో పెట్టుకుని, తనకి ఇక పిల్లలు పుట్టరేమోనని లోపల్లోపల కుమిలిపోయే పదో తరగతి అమ్మాయిలు నాకు తెలుసు. 90 రోజులు దాటినా రాకపోయినా, వారం దాటి రక్తస్రావం అవుతున్నా, నొప్పితో స్కూలు మానేస్తున్నా, 15 నిండినా మొదలవకపోయినా అప్పుడు రండి.

అపోహ: మావాడికి మీసాలే రాలేదు, ఏదో లోపముంది.

మా టేబుల్ సొరుగులో ఒక పూసల దండ ఉంటుంది. కోలగా ఉండే 12 పూసలు, అన్నింటికన్నా చిన్నది 1 మిల్లీలీటరు, పెద్దది 25. వాటి పక్కన పెట్టి వృషణాల సైజు చూస్తాం. అబ్బాయిల్లో యవ్వనానికి తొలి గుర్తు మీసం కాదు, గొంతు మారడమూ కాదు. వృషణం 4 మిల్లీలీటర్ల పూసంత కావడం. అది దాటిందంటే బండి కదిలినట్టే, ఎత్తు, గొంతు, మీసం వరసగా వస్తాయి. క్లాసులో అమ్మాయిల కంటే రెండేళ్ళు వెనకబడ్డట్టు కనిపించడం మగపిల్లల్లో మామూలే. 14 నిండినా ఆ పూసకి చేరకపోతే పరీక్షలు అవసరం.

మధ్యలో కొంతమందికి రొమ్ము కాస్త ఉబ్బుతుంది. స్నేహితులు ఏడిపిస్తారని వదులు చొక్కాలు వేసుకుని ఆటలు మానేస్తారు. చాలామందిలో ఏడాది రెండేళ్ళలో అదే తగ్గిపోతుంది.

ఇక స్వప్నస్ఖలనం, హస్తప్రయోగం. "చుక్క వీర్యం పోతే వంద చుక్కల రక్తం పోయినట్టే" అన్న మాట ఎవరు పుట్టించారో గానీ, బస్టాండు గోడల మీద "నరాల బలహీనత" పోస్టర్లు బతికేది దానిమీదే. వీర్యం రక్తం నుంచి తయారు కాదు. దానివల్ల నరాలు బలహీనపడవు, చూపు తగ్గదు, పిల్లలు పుట్టకపోవడం ఉండదు. ఈ పిల్లల్లో నీరసం, నిద్రలేమి, గుండెదడ నిజంగానే ఉంటాయి, కానీ అవి భయం వల్ల వచ్చినవి. ఈ సంగతి నాన్నో మేనమామో పదకొండు పన్నెండేళ్ళకే మామూలుగా చెప్పేస్తే ఆ గోడల వైపు చూడరు.

అపోహ: తాడిచెట్టులా పెరిగాడు, బుద్ధి మాత్రం లేదు.

బుద్ధి ఉంది. పదహారేళ్ళ పిల్లలు తీరిగ్గా కూర్చుని ఆలోచిస్తే మంచిచెడ్డలు దాదాపు పెద్దవాళ్ళలాగే తూచగలరు. తేడా వచ్చేది ఆవేశంలో ఉన్నప్పుడు, స్నేహితులు చూస్తున్నప్పుడు. ఉత్సాహాన్నీ ఆనందాన్నీ రేపే మెదడు భాగాలు టీనేజీలోనే చురుగ్గా ఉంటాయి. పగ్గం పట్టే నుదుటి వెనక భాగం మాత్రం ఇరవైల మధ్యదాకా పరిణతి చెందుతూనే ఉంటుంది. 2005లో అమెరికాలో మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ కారు నడిపే వీడియో గేమ్ ఆడించి చూశారు. పక్కన స్నేహితులున్నప్పుడు టీనేజీ వాళ్ళ తెగింపు బాగా పెరిగింది. పెద్దవాళ్ళలో ఆ తేడా రాలేదు.

"మావాడు బండి జాగ్రత్తగా నడుపుతాడండీ" అనే తండ్రులు ఇది గమనించాలి. వెనక మీరు కూర్చున్నప్పుడు జాగ్రత్తగానే నడుపుతాడు. ఇద్దరు ఫ్రెండ్స్ ఎక్కినప్పుడు నడిపేది వేరే పిల్లాడు. మైనర్ బండి నడిపి నేరానికి పాల్పడితే తల్లిదండ్రులకి 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ళదాకా జైలు అని 2019 మోటారు వాహనాల సవరణ చట్టం చెబుతోంది. ఆకతాయితనం మీద కోపం వస్తే రానివ్వండి, తాళాలు మాత్రం మీ జేబులో ఉంచుకోండి.

అపోహ: రాత్రి పడుకోడు, పొద్దున లేవడు, ఒట్టి బద్ధకం.

ఫోన్ పాత్ర ఉంది, కాదనను. కానీ ఈ వయసులో నిద్రకి సంకేతమిచ్చే మెలటోనిన్ ఒంట్లో ఆలస్యంగా విడుదలవుతుంది, ఒక్కోసారి రెండు గంటలదాకా. పైగా వీళ్ళకి కావాల్సింది 8 నుంచి 10 గంటల నిద్ర. రాత్రి పదిన్నరకి స్టడీ అవర్ ముగించి పొద్దున ఐదింటికి బెల్లు కొట్టే ఇంటర్ హాస్టల్లో ఆ లెక్క ఎలా కుదురుతుందో యాజమాన్యాలే చెప్పాలి. చదివింది మెదడులో స్థిరపడేది నిద్రలోనే.

అపోహ: చిరాకు, మౌనం, గదిలో తలుపేసుకోవడం, ఆ వయసే అంత.

కొంతవరకు నిజమే. తలుపేసుకున్నా గంటకి బయటికొచ్చి ఫ్రెండుతో నవ్వుతూ మాట్లాడుతుంటే వదిలేయండి. రెండు వారాలు దాటి ఆ ఫ్రెండుతో కూడా మాట్లాడకపోతే, ఇష్టమైన క్రికెట్ వదిలేస్తే, తిండి, నిద్ర, మార్కులు ఒకేసారి మారిపోతే అది వయసు కాదు. టీనేజీ వాళ్ళలో డిప్రెషన్ ఏడుపుగా కన్నా చిటపటగా కనిపించడం ఎక్కువ.

చచ్చిపోవాలనిపిస్తోందా అని అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయపడతారు. అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు. సూటిగానే అడగండి, "అవును" అంటే తిట్టకండి, ఒంటరిగా వదలకండి, ఇంట్లో పురుగుమందులు, మాత్రలు అందకుండా పెట్టండి. అదే రోజు డాక్టరుకి చూపించండి. ఏ రాత్రైనా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు, ఖర్చేమీ లేదు.