ఊక బూడిదతో తెల్లని పూత: హమడ షోజి గురించి

చిరంజీవులకు ఆశీస్సులు.

మట్టిపని నేర్చుకోవాలని ఉబలాటపడుతున్న మీరు జపాన్ కుమ్మరి హమడ షోజి గురించి తెలుసుకోవాలి. ఆయన 1894లో పుట్టారు. కుమ్మరుల ఇంట పుట్టినవాడు కాదు. టోక్యోలో సాంకేతిక విద్యాలయంలో పింగాణీ శాస్త్రం చదివి, తర్వాత క్యోటోలోని పరిశోధనశాలలో మిత్రుడు కవాయి కంజిరోతో కలిసి వేల రకాల గ్లేజులు, అంటే గాజుపూతలు, పరీక్షించారు. 1920లో ఇంగ్లిష్ కుమ్మరి బెర్నార్డ్ లీచ్ వెంట ఇంగ్లండ్‌లోని సెయింట్ ఐవ్స్ వెళ్లి, అక్కడ ఆము, అంటే పాత్రలు కాల్చే బట్టీ, కట్టడంలో సాయపడ్డారు. తిరిగొచ్చాక పేరున్న క్యోటోను కాదని, టోక్యోకు ఉత్తరాన వంద కిలోమీటర్ల దూరంలోని మషికోను ఎంచుకున్నారు. వంటింటి జాడీలూ కుండలూ చేసే పల్లె అది.

మషికో మట్టి గరుకు. పలచని గోడలు లేపబోతే కుంగిపోతుంది. అందుకే ఆయన పాత్రలు మందంగా, బరువుగా ఉంటాయి. మట్టి గుణం ఇంతే అని ఒప్పుకుని, దానికి తగ్గ రూపం ఇచ్చారు. ఆయన గొప్పతనమంతా ఇక్కడే ఉందని నా నమ్మకం. సారెను కూడా మన కుమ్మరుల్లాగే కర్రతో తిప్పేవారు. అలా తిప్పిన సారె వేగం తగ్గుతూ పోతుంది కాబట్టి చెయ్యి తొందరపడకూడదు.

ఇక పూత సంగతి. ఊకను కాల్చిన బూడిదలో తొంభై శాతం దాకా సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థమే, ఉంటుంది. అదొక్కటే అయితే ఆములో కరగదు. కర్రబూడిదలోని సున్నం దాన్ని కరిగిస్తుంది, ఫెల్డ్‌స్పార్ రాయిపొడి పాత్రకు పట్టి ఉంచుతుంది. మూడింటినీ సుమారు సమపాళ్లలో కలిపి, చిన్న పెంకుల మీద కాల్చి చూసి, పాళ్లు సరిచేసుకుంటారు. సిలికా పూర్తిగా కరగకుండా మిగలడం వల్లే పాలమీగడ లాంటి తెలుపు వస్తుంది. పూత మరీ చిక్కనైతే జారి పాదం దగ్గర పేరుకుంటుంది. అడుగు తుడవకపోతే పాత్ర ఆములో తనను నిలబెట్టిన బల్లకు అతుక్కుపోతుంది, విడదీస్తే విరుగుతుంది. ఇనుము ఎక్కువున్న అక్కడి రాయిని నూరితే ఎర్రగోధుమ రంగు పూత వస్తుంది. దానికి కర్రబూడిద కలిపితే నలుపు.

పెద్ద పళ్లేన్ని ఒక చేత్తో పట్టుకుని, గరిటెతో పూతను గీతలా పోసేవారు. పదిహేను సెకన్ల పని. పోస్తూ పోస్తూ మధ్యలో ఆగితే ఆ చోట మచ్చ పడిపోతుంది, మరి దిద్దుకోవడం ఉండదు.

కొండవాలున మెట్లుమెట్లుగా కట్టిన ఆయన పెద్ద ఆములో ఎనిమిది గదులు ఉండేవి. కింది గది వేడి పై గదికి ఎక్కుతుంది. గది తర్వాత గదికి పక్క రంధ్రాల్లోంచి పైన్ కట్టెలు వేస్తారు. మొదట మంట మెల్లగా ఉండాలి. మట్టిలో తేమ మిగిలి ఉండగా వేడి పెంచితే ఆవిరి పాత్రను పగలగొడుతుంది.

పాత్ర మీద సంతకం పెట్టేవారు కాదు, దాన్ని ఉంచే చెక్కపెట్టె మీద మాత్రం రాసేవారు. 1955లో జపాన్ ప్రభుత్వం ఆయన్ను ‘సజీవ జాతీయ నిధి’గా గుర్తించింది. తనను ఓడించింది అనిపించిన ప్రతి వస్తువునీ, అది ఏ దేశపు పల్లెదైనా సరే, కొని దాచుకున్నారు. 1978లో కన్నుమూయడానికి కొద్దికాలం ముందు ఆ సేకరణతోనే మషికోలో మ్యూజియం తెరిచారు. 2011 భూకంపంలో దెబ్బతిన్న ఆయన ఆమును మళ్లీ కట్టి, 2015లో తిరిగి రాజేశారు.