నూటికి ఒక వంతు వెలుగు

ఆప్టికల్ ఫైబర్, అంటే వెలుగు మీద కబుర్లు మోసే సన్నని గాజు పోగు, ఎలా వచ్చిందో మొదటి నుంచి చూద్దాం. 1794లో ఫ్రాన్స్‌లో క్లోడ్ షాప్ పారిస్ నుంచి లిల్ దాకా గోపురాల మీద కదిలే చేతులు పెట్టి సందేశాలు పంపాడు. చూపు ఆనినంత దూరానికి ఒక గోపురం చొప్పున కట్టాలి. పొగమంచు కమ్మితే ఇక అంతే. తర్వాత వచ్చిన టెలిగ్రాఫ్‌కు మంచుతో పని లేదు గానీ, తీగ పొడవయ్యేకొద్దీ సంకేతం నీరసపడేది, చెదిరి ఒకదాని మీదికి ఒకటి పాకేది. 1858లో అట్లాంటిక్ అడుగున వేసిన మొదటి కేబుల్‌కు బలం పెంచుదామని ఆ కంపెనీ ఎలక్ట్రీషియన్ వైల్డ్‌మన్ వైట్‌హౌస్ సుమారు 2,000 వోల్టులు ఎక్కించాడు. అసలే లోపాలున్న ఇన్సులేషన్ తట్టుకోలేదు, కొద్ది వారాల్లోనే కేబుల్ మూగబోయింది.

రాగితో చిక్కు ఏమిటంటే, ఎక్కువ మాటలు మోయాలంటే ఫ్రీక్వెన్సీ పెంచాలి. పెంచితే కరెంటు తీగ పైపొరలోకే నెట్టుకుపోయి నష్టం పెరుగుతుంది. దారి పొడవునా సంకేతానికి మళ్లీ బలమిచ్చే రిపీటర్లు పెట్టినా, 1956 నాటి మొదటి అట్లాంటిక్ టెలిఫోన్ కేబుల్ టీఏటీ-1 ఒకేసారి మోసింది 36 సంభాషణలే.

వెలుగు సెకనుకు వందల లక్షల కోట్ల సార్లు కంపిస్తుంది కాబట్టి అందులో చోటుకు కొదవ లేదు. 1880లోనే గ్రాహంబెల్ ఎండ కిరణం మీద మాటను 200 మీటర్ల పైచిలుకు దూరం పంపాడు. మబ్బు పట్టినా, ఏదైనా అడ్డొచ్చినా మాట ఆగిపోయేది. అందుకే వెలుగును గాజు పోగులో, అంటే ఫైబర్‌లో, నడిపించాలనుకున్నారు. పోగు నడిమి భాగమైన కోర్ చుట్టూ, వెలుగును వంచే గుణం (వక్రీభవన గుణకం) కాస్త తక్కువున్న క్లాడింగ్ అనే గాజు పొర ఉంటే, సంపూర్ణాంతర పరావర్తనం వల్ల వెలుగు బయటికి పోదు. 1950లలోనే ఇది తెలుసు. కానీ అప్పటి గాజులో నష్టం కిలోమీటరుకు 1,000 డెసిబెళ్లు (ప్రతి 10 డెసిబెళ్లకు వెలుగు పదో వంతుకు పడిపోతుంది). అంటే 20 మీటర్లకే నూటికి ఒక వంతు వెలుగు మిగులుతుంది. కడుపులోకి చూసే ఎండోస్కోప్‌కు చాలు, ఊళ్లు కలపడానికి చాలదు.

1966లో ఇంజనీర్లు చార్లెస్ కావ్, జార్జ్ హాకమ్ తేల్చిందేమిటంటే, తప్పు గాజుది కాదు, అందులో కలిసిన ఇనుము వంటి మలినాలది. నష్టాన్ని కిలోమీటరుకు 20 డెసిబెళ్లకు దించితే టెలిఫోన్‌కు పనికొస్తుందన్నారు. అంటే ఆ ఒక వంతు కిలోమీటరు దాకా అందాలి. 1970లో అమెరికా గాజు కంపెనీ కార్నింగ్ వారు 17 డెసిబెళ్లు సాధించారు. గెలిపించింది తయారీ పద్ధతే: ఇసుక కరిగించకుండా, సిలికాన్ టెట్రాక్లోరైడ్ ఆవిరి నుంచి గాజు పేర్చారు. ఇనుము క్లోరైడ్ అంత సులువుగా ఆవిరి కాదు, వెనకే ఉండిపోతుంది. ఆ తర్వాత మిగిలిన శత్రువు తేమ. 1,383 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర వెలుగును అది మింగేస్తుంది. అందుకే దానికి అటూ ఇటూ ఉన్న 1,310, 1,550 వాడుకలోకొచ్చాయి. ఇప్పుడు 1,550 దగ్గర నష్టం 0.2 డెసిబెళ్లే. అదే ఒక వంతు 100 కిలోమీటర్లు వెళ్తుంది.

1988లో వచ్చిన అట్లాంటిక్ ఫైబర్ కేబుల్ టీఏటీ-8 దాదాపు 40,000 కాల్స్ మోసింది. రిపీటర్లు ఇంకా వెలుగును కరెంటుగా మార్చి, మళ్లీ వెలుగు చేసేవి. ఎర్బియం అనే లోహం కలిపిన ఫైబర్ వెలుగును వెలుగుగానే పెంచడంతో ఆ మార్పిడి తప్పింది.

గాజు ఇంత మెరుగయ్యాక తంటా అంతా రెండు ఫైబర్ కొసలను కరిగించి కలిపే అతుకుల దగ్గరికి చేరింది. కోర్ 9 మైక్రాన్లు, క్లాడింగ్‌తో కలిపి 125. అతికే ముందు, అతుకును కాపాడే స్లీవ్ అనే చిన్న గొట్టం ఎక్కించాలి. మరిచిపోతే అతుకు కోసి మళ్లీ చేయాల్సిందే. పూత ఒలిచి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, క్లీవర్ అనే ఫైబర్ కోసే పరికరంతో కోయాలి. కోశాక కొసను ముట్టకూడదు. కోత తిన్నగా లేక ఒక డిగ్రీకి మించి వాలితే అతుకు చెడుతుంది. మంచి అతుకులో నష్టం 0.05 డెసిబెళ్ల లోపే. దుమ్ము పట్టిన కనెక్టర్ అర డెసిబెల్ తినేస్తే రెండున్నర కిలోమీటర్ల ఫైబర్ అదనంగా వేసినట్టే.

లైన్ బలహీనపడితే, వెలుగు పంపి తిరిగొచ్చేదాన్ని బట్టి నష్టం ఎక్కడుందో చూపే ఓటీడీఆర్ అనే పరికరంతో 1,310, 1,550 రెండింటి మీదా చూడాలి. నష్టం రెండింట్లో ఇంచుమించు ఒకేలా ఉంటే అతుకునో కనెక్టర్‌నో అనుమానించాలి. 1,550లో బాగా ఎక్కువైతే ఫైబర్ ఎక్కడో మడత పడింది. అప్పుడు కోయక్కర్లేదు, బాక్సు తెరిచి చుట్ట వదులు చేస్తే చాలు.