ఒక గది, ఒక అయ్యవారు, ఐదు తరగతులు

తిరుపతి

చిట్టితల్లికీ, తమ్ముడికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోనులో నువ్వు అడిగిన దానికి అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. నాన్న నీకిచ్చిన పాత ల్యాప్‌టాప్‌లో మెమరీ నాలుగు జీబీలేనని, పాఠం వీడియో పెట్టుకుని, బొమ్మలు గీసుకుంటూ, బ్రౌజర్ కూడా తెరిస్తే అది బిగుసుకుపోతోందని అన్నావు. "మరి మీ రోజుల్లో ఒకటి రెండు ఎంబీలతోనే రెండు మూడు పనులు ఒకేసారి ఎలా చేయించారు తాతయ్యా?" అని అడిగావు. ఆ ప్రశ్న నన్ను రెండు రోజులు వదల్లేదు.

ముందు మా బడి సంగతి చెప్పాలి. చిత్తూరుకు దగ్గరలో ఉన్న మా పల్లెలో అప్పట్లో ఏకోపాధ్యాయ పాఠశాల ఉండేది. ఒకటి నుంచి ఐదు దాకా తరగతులు. గది ఒకటే, నల్లబల్ల ఒకటే, అయ్యవారు ఒక్కరే. రెండో తరగతికి కూడికలు ఇచ్చి, వాళ్లు పలకల మీద చేసుకుంటుండగా ఐదో తరగతికి భూగోళం మొదలుపెట్టేవారు. నదుల పేర్లు సగంలో ఉండగానే ఒకటో తరగతి వైపు తిరిగి గుణింతం దిద్దించేవారు. దారిన పోయేవారికి ఐదు తరగతులూ ఒక్కసారే నడుస్తున్నట్టు వినిపించేది. నిజానికి ఏ క్షణంలో చూసినా ఆయన చెబుతున్నది ఒక్క తరగతికే.

ఆయన చేసే ఒక పని నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది. ఒక తరగతిని వదిలి ఇంకో తరగతి దగ్గరకు వెళ్లేముందు నల్లబల్ల కుడి మూలన సుద్దముక్కతో చిన్నగా మూడు అంకెలు వేసేవారు. తరగతి, పుట, వాక్యం. తిరిగి వచ్చాక ఆ అంకెల వైపు ఒకసారి చూసి, ఆపిన వాక్యం దగ్గరే అందుకునేవారు. "ఎక్కడ ఆపానురా?" అని ఆయన మమ్మల్ని అడగగా నేను వినలేదు. నల్లబల్ల మొత్తం తుడిచే పని మాకు అప్పగించినా, ఆ మూల జోలికి మాత్రం ఎవరమూ పోయేవాళ్లం కాదు.

కంప్యూటర్‌లో అయ్యవారు ప్రాసెసర్. తరగతులు ప్రోగ్రాములు. ఒక ప్రోగ్రామ్‌ను పక్కన పెట్టేముందు ఎన్నో ఆదేశం దగ్గర ఆగింది, అప్పటికి చేతిలో ఏ అంకెలు ఉన్నాయి అనేవి రాసిపెట్టుకోవాలి. మళ్లీ దాని వంతు రాగానే అక్కడినుంచే ఎత్తుకోవాలి. ఆ పాత కంప్యూటర్లలో ఒక గడియారం సెకనుకు సుమారు 18 సార్లు గంట కొట్టేది. ఆ గంటల లెక్కన ఒకదాన్ని ఆపి ఇంకోదాన్ని కదిలిస్తే, మన కంటికి రెండూ నడుస్తున్నట్టే కనిపిస్తాయి. చాలా పనులు చేయడమంటే చాలా వాటిని చక్కగా ఆపడం, ఆపినచోటే అందుకోవడం. నీ చదువుకూ ఇది పనికొస్తుంది. లెక్క మధ్యలో అమ్మ పిలిస్తే, లేచేముందు ఎక్కడ ఆపావో మార్జిన్‌లో ఒక గీత గీసి లే.

ఇక గది సంగతి. కంప్యూటర్‌లో గది అంటే మెమరీ. 1981లో ఐబీఎం పీసీ వచ్చింది. అందులోని 8088 ప్రాసెసర్‌కు మెమరీలో చోటు చూపించడానికి 20 తీగలే ఉండేవి. రెండును ఇరవైసార్లు వేసి గుణించి చూడు, 10,48,576 వస్తుంది. అన్ని బైట్లు అంటే 1024 కేబీలు, అంటే ఒక ఎంబీ. గది కొలత అంతే. అందులోనూ 384 కేబీల చోటు తెరకూ, యంత్రం తన కోసం దాచుకున్న పనిముట్లకూ పోయేది. మా బడిలో అయ్యవారి కుర్చీ, బీరువా, పటాలు కొంత మేర ఆక్రమించినట్టే అనుకో. పిల్లలు కూర్చోవడానికి మిగిలింది 640 కేబీలు. నువ్వు ఫోనుతో తీసే ఒక్క ఫొటో చాలాసార్లు అందులో పట్టదు. పైగా ప్రోగ్రాములను నడిపించే డాస్ అనే వ్యవస్థ ఒకసారి ఒక్క తరగతినే కూర్చోబెట్టేది. రెండోది రావాలంటే మొదటిది లేచి వెళ్లిపోవాల్సిందే.

దానివల్ల పడిన ఇబ్బంది నాకు బాగా తెలుసు. చిత్తూరులో ఒక బెల్లం మండీలో లెక్కలు రాసేవాణ్ణి. ప్రింటర్ చీటీలు కొడుతున్నంతసేపూ కంప్యూటర్ ఇంకో పని ముట్టేది కాదు. తెల్లవారుజామున బండి కట్టుకుని వచ్చిన రైతు తన తూకం ఎక్కించుకోవడానికి ఎండలో నిలబడేవాడు. ఆయన చూపు తెర మీద, నా చూపు ప్రింటర్ మీద. ఆ నిమిషాలు చాలా బరువుగా గడిచేవి.

అప్పటికే దీనికి ఉపాయం కనిపెట్టినవాళ్లు ఉన్నారు. 1985లో క్వార్టర్‌డెక్ అనే కంపెనీ డెస్క్‌వ్యూ అనే ప్రోగ్రామ్ తెచ్చింది. డాస్ ప్రోగ్రాములనే పక్కపక్కన కిటికీల్లో కూర్చోబెట్టి, వంతుల వారీగా నడిపించేది. అదే ఏడాది లోటస్, ఇంటెల్, మైక్రోసాఫ్ట్ కలిసి గది చాలని కష్టానికి ఒక దారి చూపాయి. మా బడిలోనూ అంతే. గదిలో పట్టని పిల్లలు బయట చింతచెట్టు కింద కూర్చునేవారు. బీరువా పక్కన నాలుగు బెంచీలు ఎప్పుడూ ఖాళీగా ఉంచి, వాళ్లను జట్లుగా లోపలికి పిలిచేవారు. బెంచీలు అవే, కూర్చునే పిల్లలు మారుతుంటారు. కంప్యూటర్‌లో ఆ ఒక్కొక్క బెంచీ 16 కేబీలు, నాలుగూ కలిపి 64 కేబీలు. ఆ చిన్న సందులోంచి ప్రాసెసర్ బయట ఉన్న కొన్ని ఎంబీల మెమరీని చూడగలిగేది. గది గోడలు ఒక్క అంగుళం జరపకుండా బడిని పెద్దది చేశారు. అది తలుచుకుంటే నాకు ఇవాళ్టికీ చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

1991లో మా మండీకి, 8088 తరువాతి తరాల్లో వచ్చిన 386 ప్రాసెసర్, రెండు ఎంబీల మెమరీ ఉన్న కంప్యూటర్ వచ్చింది. అందులో డెస్క్‌వ్యూ వేశారు. ఆల్ట్ మీటను ఒక్కసారి నొక్కి వదిలితే తెర మూలన చిన్న పట్టిక తెరుచుకునేది. మొదటి రోజు ఒక కిటికీలో చీటీలు ప్రింటవుతుండగా, రెండో కిటికీలో తరువాతి రైతు తూకం ఎక్కించాను. ప్రింటర్ ఆగలేదు. కొంచెం నెమ్మదించింది, అంతే. ఆ రైతు చీటీ మడిచి తలపాగాలో దోపుకుని వెంటనే బండెక్కాడు.

ఈ 386 చేసిన పనికి మాత్రం మా బడి పోలిక చాలదు. ప్రతి ప్రోగ్రామ్‌కూ ఒక ఎంబీ గది తనకొక్కదానికే ఉందని నమ్మిస్తుంది. ఐదు తరగతుల్లో ప్రతి తరగతికీ బడి అంతా తమదేనని, అయ్యవారు తమ కోసమే వచ్చారని అనిపించినట్టు! ఎలాగో నువ్వు పెద్దయ్యాక చదువుకుంటావు. నేను చదివాను, అయినా నా ఆశ్చర్యం తగ్గలేదు.

1990లో వచ్చిన విండోస్ 3.0లో, దాని కోసం రాసిన ప్రోగ్రాములు తమంతట తామే వంతు వదులుకోవాలి. ఒకటి మొండికేస్తే అన్నీ నిలిచిపోయేవి. కొండ మీద స్వామి ఎదుట ఎంతసేపు నిలబడినా తనివి తీరదు, అయినా వెనకవాళ్లను తలుచుకుని జరుగుతాం కదా. ప్రోగ్రాములకూ ఆ మర్యాద అవసరమైంది.

ఇప్పుడు నీ ల్యాప్‌టాప్. గదీ, చెట్టు నీడా నిండిపోతే పిల్లల్ని ఊరి చివరి చావడికి పంపాలి. ఆ చావడి హార్డ్ డిస్క్. అక్కడ ఒక సంగతి వెతకడానికి పట్టే సమయం మెమరీతో పోలిస్తే సుమారు లక్ష రెట్లు. ఒక తరగతిని పిలిపించడానికి ఇంకో తరగతిని పంపడం, మళ్లీ వాళ్లను రప్పించడం, ఇలా పొద్దంతా నడకకే సరిపోతే పాఠం ఎప్పుడు జరుగుతుంది? నీ యంత్రం బిగుసుకుపోయినప్పుడు దాని లోపల జరుగుతున్నది ఇదే. దాన్ని తిట్టకు, అది కష్టపడుతూనే ఉంది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కు. టాస్క్ మేనేజర్ వస్తుంది. ఎవరు ఎంత చోటు పట్టుకుని కూర్చున్నారో పేరుపేరునా కనిపిస్తుంది. వీడియో ఒక్కటి మూసి ఆ అంకె ఎంత తగ్గిందో నోటుపుస్తకంలో రాసి నాకు పంపు. బ్రౌజర్‌లో ఒక్కొక్క పేజీ మూస్తూ కూడా చూడు. మెమరీ ఇంకొంత పెంచడానికి లోపల చోటుందేమో నాన్నను అడుగు.

మండీవాళ్లు కొత్త కంప్యూటర్ కొన్నప్పుడు ఆ పాతదాన్ని నేను ఇంటికి తెచ్చుకున్నాను. అటక మీద పాత దుప్పటి చుట్టి ఉంచాను. సంక్రాంతి సెలవులకు మీరు రాగానే దించుదాం. మీట వేయగానే నల్లటి తెర పైమూలన, టిక్ టిక్ మని చప్పుడు చేసుకుంటూ అంకెలు ఒక్కొక్కటిగా పైకి ఎక్కుతాయి. తన మెమరీని తానే లెక్కపెట్టుకుంటుంది. తమ్ముణ్ణి తెర ముందు కూర్చోబెడదాం, 640 దాటేటప్పుడు వాడు గట్టిగా చెప్పాలి.

మీ తాతయ్య