షాపులో సాఫ్ట్‌వేర్: నేను రోజూ వినే అపోహలు, చూసే వాస్తవాలు

విజయవాడ చుట్టుపక్కల స్టీలు, సిమెంటు, హార్డ్‌వేర్ షాపులకీ, మందుల హోల్‌సేల్ వాళ్లకీ ఏ సాఫ్ట్‌వేర్ కావాలో చూసి పెట్టడం, ఉన్నది సరిగా నడవకపోతే దాన్ని దారిలో పెట్టడం నా పని. జీఎస్టీ రాకముందు నుంచీ ఇదే చేస్తున్నాను. కొన్ని మాటలు ప్రతి కొత్త షాపులోనూ వినిపిస్తాయి. వాటివల్ల డబ్బు పోతే మళ్లీ సంపాదించుకుంటారు. ఒక్కోసారి మనుషుల మీద నమ్మకం పోతుంది. అందుకే మొదటిదాని గురించి కాస్త ఎక్కువగా చెప్తాను.

అపోహ: సాఫ్ట్‌వేర్ పెడితే స్టాకు లెక్క దానంతట అదే తేలిపోతుంది

ఒక స్టీలు షాపు యజమాని ఫోన్ చేసి, "బాబూ, ఒకసారి వచ్చి చూడు. గోడౌన్‌లో దొంగతనం జరుగుతోంది" అన్నారు. వేరేవాళ్లు సాఫ్ట్‌వేర్ పెట్టి మూడు నెలలైంది. పన్నెండు ఎం.ఎం. రాడ్లు ప్రతి పది టన్నులకీ 18 దాకా తగ్గుతున్నాయని రిపోర్టు చెప్తోంది. చాలా ఏళ్లుగా గోడౌన్ చూసుకుంటున్న మనిషి దగ్గర తాళాలు తీసేసుకున్నారు. నేను వెళ్లేసరికి ఆయన గేటు పక్కన స్టూలు మీద తల వంచుకుని కూర్చున్నాడు. టీ ఇస్తే వద్దన్నాడు.

స్టీలును బరువు లెక్కన కొంటారు. చిల్లరగా అమ్మేటప్పుడు రాడ్డు లెక్కన అమ్ముతారు. సాఫ్ట్‌వేర్‌లో ఒక రాడ్డు బరువు 10.67 కిలోలని రాసి వదిలేశారు. అది సూత్రం ప్రకారం వచ్చే బరువు. రాడ్డు వ్యాసాన్ని (ఎం.ఎం.లలో) వ్యాసంతోనే గుణించి 162తో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో వస్తుంది, దాన్ని రాడ్డు పొడవు 12 మీటర్లకి లెక్కేస్తే ఈ అంకె వస్తుంది. కానీ ఈ సైజులో బరువు 5 శాతం అటూ ఇటూ ఉండొచ్చని మన దేశ ప్రమాణమే ఒప్పుకుంటుంది. ఆ రోజు దిగిన లారీలోంచి ఒక కట్ట కాటా మీద పెట్టించి, నేనే కూర్చుని రాడ్లు లెక్కపెట్టాను. ఒక్కోటి 10.88 కిలోలు తూగింది. అంటే టన్నుకి దాదాపు 94 రాడ్లు రావాలని సాఫ్ట్‌వేర్ అనుకుంటోంది, నిజానికి వచ్చేవి 92. పది టన్నులకి ఆ తేడా సుమారు 18 అవుతుంది. ఎవరూ ఒక్క రాడ్డు కూడా ఎత్తుకుపోలేదు.

యజమాని కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత లేచి వెళ్లి తాళాలు ఆయన చేతిలో పెట్టారు.

ఇప్పుడు ఆ షాపులో లారీ దిగగానే బరువు, రాడ్ల సంఖ్య రెండూ ఎక్కిస్తారు. ఏ మిల్లు సరుకో కూడా రాస్తారు. దీనికి కొత్త సాఫ్ట్‌వేర్ అక్కర్లేకపోయింది. ఉన్నదాంట్లోనే రెండు కొలతల్లో స్టాకు పెట్టుకునే సదుపాయం ఉంది, దాన్ని ఎవరూ తెరవలేదు. కన్సల్టెంట్‌కి ఫీజు దేనికని అడిగేవాళ్లకి నేను ఈ సంగతే చెప్తాను. గోడౌన్‌లో నిలబడి సరుకు ఎలా దిగుతుందో, ఎలా అమ్ముడవుతుందో చూడకుండా ఆఫీసులో కూర్చుని ఐటమ్ లిస్టు ఎక్కించేవాళ్లకి పని అప్పజెప్పకండి.

అపోహ: గవర్నమెంట్ రూల్ వచ్చింది, అందరూ కొత్త సాఫ్ట్‌వేర్ కొనాల్సిందే

ఈ మాట ఎక్కువగా అమ్మేవాళ్ల నోటినుంచే వస్తుంది. ఈ-ఇన్వాయిస్, అంటే బిల్లును ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయించడం, 2020 అక్టోబరులో ఏడాది టర్నోవర్ 500 కోట్లు దాటిన వ్యాపారాలతో మొదలై, దశలవారీగా దిగి, 2023 ఆగస్టు 1 నుంచి 5 కోట్లు దాటినవాళ్లకి వర్తించింది. అది కూడా జీఎస్టీ నంబరున్న వ్యాపారికి అమ్మే బిల్లులకి, ఎగుమతులకి. ఇల్లు కట్టుకునే మనిషికి నాలుగు బస్తాల సిమెంటు అమ్మితే ఈ-ఇన్వాయిస్ అక్కర్లేదు.

అయితే ఇక్కడ చాలామంది పొరపాటు పడే సంగతి ఒకటుంది. ఆ 5 కోట్లు ఈ ఏడాది టర్నోవర్ ఒక్కటే కాదు. 2017-18 నుంచి ఏ ఆర్థిక సంవత్సరంలో దాటినా లెక్కలోకి వస్తుంది. ఒకే పాన్ కింద రెండు రాష్ట్రాల్లో రిజిస్ట్రేషన్ ఉంటే రెండూ కలుపుతారు. "వ్యాపారం తగ్గిందిలే, మాకు వర్తించదు" అని కూర్చోకుండా ఆడిటర్‌ని అడగండి.

బిల్లులో చేసిన ప్రతి మార్పునీ రికార్డు చేసే ఎడిట్ లాగ్ విషయం కూడా ఇంతే. 2023 ఏప్రిల్ 1 నుంచి అది కంపెనీలకి తప్పనిసరి. సొంత పేరు మీద నడిపే షాపుకీ, భాగస్వామ్య సంస్థకీ ఆ రూల్ లేదు. ఉంటే మంచిదే, పెట్టుకోమనే నేనూ చెప్తాను. కానీ ఫైన్ పడుతుందని భయపెట్టి అమ్మడం అన్యాయం. ఎవరైనా ఫలానాది కొనమంటే, "అమ్మితే మీకు కమీషన్ ఎంత వస్తుందండీ?" అని మొహమాటం లేకుండా అడగండి. కమీషన్ తీసుకోవడం తప్పు కాదు. దాచడమే తప్పు.

అపోహ: డబ్బు కట్టి చేయించుకున్నాం, ఆ ప్రోగ్రాం మాదే

పూర్తిగా కాదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం మీ జీతం మీద ఉన్న ఉద్యోగి ఉద్యోగంలో భాగంగా రాసిన ప్రోగ్రాం మీది. బయటి డెవలపర్ రాస్తే, వేరే ఒప్పందం లేనప్పుడు, హక్కు అతనిదే. డబ్బు మొత్తం ముట్టినా సరే. హక్కు మీకు రావాలంటే బదిలీ కాగితం మీద రాసి, సంతకం పెట్టించుకోవాలి. అందులో ఎంతకాలానికో రాయకపోతే చట్టం ఐదేళ్లే అనుకుంటుంది, ఎక్కడికో రాయకపోతే భారతదేశం వరకే. ఈ రెండు లైన్లు లేని అగ్రిమెంట్లు నేను చాలా చూశాను.

రోజువారీ పనిలో ఇంతకంటే ముందు దెబ్బ కొట్టేది పాస్‌వర్డు. ఒక మందుల డిస్ట్రిబ్యూటర్‌కి వెబ్‌సైట్ పేరు, సర్వరు అకౌంటు రెండూ పాత డెవలపర్ సొంత ఈమెయిల్ మీద ఉన్నాయి. ఇద్దరికీ ఫీజు దగ్గర మాట తేడా వచ్చింది. పదకొండు రోజులు ఆర్డర్లు చేత్తో రాసుకున్నారు. మీ సంస్థ పేరు మీద ఒక ఈమెయిల్ తెరిచి, అన్నీ దాని మీదే కొనిపించండి. డేటా మొత్తం ఎక్సెల్‌లో బయటికి తీసి ఇవ్వగలరా లేదా అన్నది అడ్వాన్సు ఇవ్వకముందే తేల్చుకోండి.

అపోహ: రోజూ బ్యాకప్ తీస్తున్నాం, టెన్షన్ లేదు

2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు వాగు నీళ్లు విజయవాడలోని సింగ్ నగర్‌ని ముంచేశాయి. అక్కడ నాకు తెలిసిన ఒక హార్డ్‌వేర్ షాపులో గుమాస్తా ప్రతి రాత్రీ బ్యాకప్ తీసేవాడు, ఒక్క రోజు మానలేదు. తీసిన పెన్‌డ్రైవ్, రెండో హార్డ్ డిస్క్ రెండూ కంప్యూటరున్న కౌంటర్ సొరుగులోనే పెట్టేవాడు. నీళ్లు తగ్గాక సొరుగు లాగితే బురద ముద్ద వచ్చింది.

జీఎస్టీ పోర్టల్‌లో ఉంటుంది కదా అంటారు. వ్యాపారులకి కొట్టిన బిల్లులు ఉంటాయి, నిజమే. చిల్లర అమ్మకాలు మొత్తాలుగానే ఉంటాయి. ఎవరు ఎంత బాకీ ఉన్నారు, ఎంత కట్టారు అన్నది అక్కడ ఉండదు. ఆ యజమాని ఖాతాదారులకి ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, "మీరు మాకు ఎంత ఇవ్వాలండీ?" అని అడగాల్సి వచ్చింది. చాలామంది ఉన్నదున్నట్టే చెప్పారు. వాళ్లని తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె నిండుతుంది. కానీ ఆ ప్రశ్న అడిగేటప్పుడు ఆయన గొంతు ఎలా ఉండేదో పక్కనే కూర్చుని విన్నాను.

ఒక కాపీ ఇంకో చోట, వేరే ఊళ్లో లేదా క్లౌడ్‌లో ఉండాలి. క్లౌడ్ అంటే డేటా అమెరికా పోతుందని భయపడేవాళ్లున్నారు. అమెజాన్ క్లౌడ్ కేంద్రాలు 2022 నవంబరు నుంచి హైదరాబాద్‌లోనే ఉన్నాయి, ఏ ఊరి కేంద్రంలో పెట్టాలో మనమే ఎంచుకోవచ్చు. నెలకోసారి ఆ బ్యాకప్‌ని వేరే కంప్యూటర్‌లో తెరిచి, నిన్నటి మొత్తం అమ్మకం సరిపోయిందా చూడండి. తెరుచుకోని బ్యాకప్‌లు నా చేతి మీదుగా చాలా పోయాయి.

అపోహ: చిన్న షాపు మీద ఎవరు దాడి చేస్తారు?

2017 మేలో వచ్చిన వానాక్రై, ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వైరస్, ఎవరినీ ఎంచుకుని రాలేదు. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. దాన్ని అడ్డుకునే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అప్పటికి రెండు నెలల ముందే ఇచ్చింది. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది, అంటే అలాంటి అప్‌డేట్లు దానికి ఇక మామూలుగా రావు. మీ బిల్లింగ్ కంప్యూటర్‌లో ఏ విండోస్ ఉందో ఈ రోజే చూడండి.

అపోహ: రేటు మార్చడమే కదా, ఐదు నిమిషాల పని

2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటు మీద జీఎస్టీ 28 నుంచి 18కి తగ్గింది. ముందు రోజు రాత్రి చాలా షాపుల్లో ఐటమ్ దగ్గరికి వెళ్లి 28 కొట్టేసి 18 పెట్టారు. రెండు రోజుల తర్వాత ఒక మేస్త్రి, అంతకుముందు వారం కొన్న పది బస్తాలు మిగిలాయని తిరిగి తెచ్చాడు. సాఫ్ట్‌వేర్ 18తో క్రెడిట్ నోట్ (వెనక్కి తీసుకున్న సరుకుకి ఇచ్చే కాగితం) కొట్టింది. అమ్మింది 28తో, కాబట్టి వెనక్కి వేయాల్సిందీ 28తోనే. పాత రేటును తీసేయకుండా, ఏ తేదీ నుంచి ఏ రేటో రెండూ నిలిచి ఉండేలా పెట్టాలి. రేటు మారే ముందు రాత్రి, మేం చూసే షాపుల్లో ఒక్కోదానికి రెండు గంటలు కూర్చున్నాం. తేదీ మార్చి పాత బిల్లు ఒకటి, కొత్త బిల్లు ఒకటి, రిటర్న్ ఒకటి కొట్టి చూసి, మూడూ సరిగా వచ్చాకే షట్టర్ దించాం.