బైపోలార్‌కు ‘అన్నిటికంటే మంచి గోలీ’ ఏది? అపోహలు - వాస్తవాలు

నల్గొండలో మానసిక వైద్యుడిగా పనిచేస్తున్న నన్ను బైపోలార్ పేషంట్ల ఇంటివాళ్లు తరచుగా అడిగేది ఇదే: “సార్, అన్నింట్లకెల్ల మంచి గోలీ రాయుండ్రి, పైసలెంతైనా సరే.” నేను వెంటనే పేరు చెప్పను. ఏం పని చేస్తాడు, ఎండలో తిరుగుతాడా, బీపీ గోలీలు వాడుతున్నాడా, మోకాళ్ల నొప్పులకు ఏం మింగుతున్నాడు, ఆడపిల్లయితే పెళ్లి మాటలు నడుస్తున్నాయా అని అడుగుతూ పోతాను. గోలీ అడిగితే ఇవన్నీ ఎందుకని కొందరు విసుక్కుంటారు. కానీ ఏ గోలీ రాయాలో తేలేది ఆ జవాబుల్లోనే.

అపోహ: ఒక బెస్ట్ గోలీ ఉంటుంది, అందరికీ అదే పనిచేస్తుంది.

బైపోలార్ ఉన్న మనిషి కొంతకాలం మేనియాలో ఉంటాడు: నిద్ర అక్కర్లేని హుషారు, ఆగని మాటలు, చేతికందిన డబ్బంతా ఖర్చు. కొంతకాలం డిప్రెషన్‌లో మంచం దిగడు. మధ్యలో మనలాగే ఉంటాడు. మేనియాను దించే మందు, డిప్రెషన్‌ను తగ్గించే మందు, మళ్లీ రాకుండా కాపాడే మందు ఒకటే కానక్కర్లేదు. ఒలాంజపిన్, రిస్పెరిడోన్ లాంటివి మేనియాను కొద్ది రోజుల్లో అదుపులోకి తెస్తాయి, లిథియం పట్టుకోవడానికి ఒకటి రెండు వారాలు, ఒక్కోసారి ఇంకొంచెం ఎక్కువ పడుతుంది. అందుకే మొదట్లో రెండూ కలిపి రాసి, కుదుటపడ్డాక ఒకటి తగ్గిస్తాం. చీటీలో గోలీలు ఎక్కువ ఉన్నాయంటే రోగం ముదిరిందని అర్థం కాదు. లామోట్రిజిన్ మేనియాను దించలేదు, కానీ డిప్రెషన్ పదేపదే వచ్చేవాళ్లకు బాగా కాపు కాస్తుంది. షుగర్ ఉన్న మనిషికి ఒలాంజపిన్ రాసే ముందు నేను ఆగి ఆలోచిస్తాను, అది బరువునూ షుగర్‌నూ పెంచుతుంది.

అపోహ: దిగులుగా ఉన్నాడు కాబట్టి డిప్రెషన్ గోలీలు ఇస్తే చాలు.

బైపోలార్‌లో చాలామంది ముందు డిప్రెషన్‌తోనే వస్తారు. పాత హుషారు రోజుల్ని వాళ్లు జబ్బుగా లెక్కపెట్టరు, కాబట్టి చెప్పరు. అప్పుడు ఎస్సిటాలోప్రామ్ లాంటి గోలీ ఒక్కటే ఇస్తే కొందరు నేరుగా మేనియాలోకి ఎక్కేస్తారు. అందుకే భార్యనో అన్ననో పక్కన కూర్చోబెట్టి అడుగుతాను. ఒక రైతు అప్పు చేసి బోరు మీద బోరు వేయించాడంటే మా దగ్గర అది మామూలు కష్టమే. అదే మనిషి వారం రోజులు రాత్రుళ్లు నిద్రపోకుండా, అలసట లేకుండా, నీళ్లు పడేచోటు తనకొక్కడికే తెలుసని ఊరంతా తిరిగి చెప్పాడంటే ఆ సంగతి నాకు తప్పకుండా తెలియాలి. ఆ ఒక్క ముక్కతో చీటీ మొత్తం మారిపోతుంది.

అపోహ: లిథియం కిడ్నీలు పాడుచేస్తుంది, దాని జోలికే పోవద్దు.

ఈ భయం వల్ల మంచి మందుకు దూరమైనవాళ్లను చూస్తే నాకు బాధ కలుగుతుంది. మేనియాకు లిథియం పనిచేస్తుందని ఆస్ట్రేలియా డాక్టర్ జాన్ కేడ్ 1949లో రాశాడు. ఇన్నేళ్ల తర్వాత కూడా జబ్బు తిరగబెట్టకుండా ఆపడంలో అది ముందు వరుసలోనే ఉంది. ఆత్మహత్య ముప్పును తగ్గిస్తుందన్న ఆధారాలు ఈ జబ్బు మందుల్లో దీనికే ఎక్కువ. ఖరీదూ తక్కువ. ఏళ్ల తరబడి వాడితే కొందరిలో కిడ్నీలు, థైరాయిడ్ దెబ్బతినే మాట నిజమే. అందుకే ఆరు నెలలకోసారి రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పేది), థైరాయిడ్, కాల్షియం చూస్తాం. రక్తపరీక్షలో లిథియం లీటరుకు 0.6 నుంచి 0.8 మిల్లీమోల్స్ (mmol/L) దాకా ఉంటే ఎక్కువమందికి సరిపోతుంది, 1.5 దాటితే విషమవుతుంది. ఆ టెస్టుకు చివరి గోలీ వేసుకున్న 12 గంటలకు రక్తమివ్వాలి. పొద్దున గోలీ మింగి ల్యాబ్‌కు పోతే అంకె తప్పుగా వస్తుంది.

మన ప్రాంతంలో అసలు ప్రమాదం రోజువారీ బతుకులో ఉంది. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన తరానికి కీళ్లు, నడుము నొప్పులు తీరని బాధ. మెడికల్ షాపులోనో ఆర్‌ఎంపీ దగ్గరో డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ తీసుకుని వారాల తరబడి వాడతారు. ఈ నొప్పి గోలీలు లిథియంను ఒంట్లోంచి బయటికి పోనివ్వవు. లిథియం వాడేవాళ్లు నొప్పికి పారాసిటమాల్ అడగాలి. బీపీకి వాడే టెల్మిసార్టాన్, రామిప్రిల్‌తోనూ ఇదే చిక్కు, హైడ్రోక్లోరోథయాజైడ్ కలిపినవైతే ఇంకా ఎక్కువ. ఆ గోలీలు మీ అంతట మీరు ఆపకండి, డాక్టర్లిద్దరికీ రెండు చీటీలూ చూపించండి.

తర్వాత ఎండ. ఏప్రిల్, మే నెలల్లో ఉపాధి హామీ పనిలో ఒళ్లంతా చెమట కారి, నీళ్లు సరిగా తాగకపోతే అదే డోసు విషమయ్యే స్థాయికి చేరొచ్చు. వాంతులు, విరేచనాలు పట్టుకున్నా అంతే. ఉప్పు ఒక్కసారిగా మానేసినా లిథియం పెరుగుతుంది. చేతులు బాగా వణకడం, నడక తూలడం, మాట ముద్దగా రావడం, వాంతులు కనిపిస్తే తర్వాతి గోలీ వేయకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లండి. రక్తపరీక్షకు రాలేని మనిషికి, ఇంట్లో చూసుకునే వాళ్లెవరూ లేనివాళ్లకు నేను లిథియం రాయడానికి వెనకాడతాను.

అపోహ: పెళ్లికాని అమ్మాయి కదా, ఇప్పటి నుంచే గర్భం సంగతి ఎందుకు?

ఈ విషయంలో నేను గట్టిగానే మాట్లాడతాను. వాల్‌ప్రోయేట్ మేనియాకు బాగా పనిచేస్తుంది, ఫిట్స్‌కూ వాడతారు. కానీ గర్భిణి వాడితే పుట్టే పిల్లల్లో సుమారు పదిమందిలో ఒకరికి అవయవ లోపాలు, పదిమందిలో ముగ్గురు నలుగురికి ఎదుగుదల, నేర్చుకునే శక్తిలో ఇబ్బందులు రావచ్చు. వెన్నెముక లోపాలు గర్భం వచ్చిన మొదటి నెలలోనే, ఇంకా తెలియకముందే ఏర్పడతాయి. పెళ్లయ్యాక చూద్దాంలే అంటే ఆలస్యమైపోతుంది. కాబట్టి పిల్లలు కనే వయసు వాళ్లకు వీలైనంతవరకు వేరే మందు రాస్తాను: లామోట్రిజిన్, క్వెటియాపిన్, జాగ్రత్తలతో లిథియం. ఇప్పటికే వాల్‌ప్రోయేట్ మీద ఉన్న అమ్మాయి మాత్రం ఇది చదివి ఒక్కసారిగా ఆపకూడదు, మార్చే పద్ధతి ఉంటుంది, డాక్టర్‌ను కలవాలి. పెళ్లి సంబంధం చెడిపోతుందన్న భయంతో గోలీల సంగతి దాచే తల్లిదండ్రుల టెన్షన్ నాకు అర్థమవుతుంది. అయినా డాక్టర్ దగ్గర మాత్రం దాచకండి.

అపోహ: వాళ్లన్నకు నయం చేసిన గోలీ తమ్ముడికెలా పనికొస్తుంది?

దీన్ని పూర్తిగా అపోహ అనలేను. ఒకరి గోలీలు ఇంకొకరు మింగడం తప్పే. కానీ రక్తసంబంధీకుల్లో ఒకరికి లిథియం బాగా పట్టిందంటే ఇంకొకరికీ పట్టే అవకాశం ఎక్కువ. అన్న పాత చీటీ ఉంటే తీసుకురండి.

అపోహ: ఇవన్నీ నిద్ర గోలీలే, అలవాటైపోతాయి.

లిథియం, వాల్‌ప్రోయేట్, లామోట్రిజిన్ మత్తుమందులు కావు, వాటికి బానిస కావడమంటూ ఉండదు. అలవాటయ్యేది నిద్రకు, ఆందోళనకు వాడే ఆల్ప్రజోలం. పాలమూరు వైపు కల్తీ కల్లులో కలుపుతున్నారని పట్టుబడిందీ అదే, క్లోరల్ హైడ్రేట్‌తో పాటు. అలాంటి కల్లు రోజూ తాగే మనిషి ఒక్కసారి మానేస్తే నిద్ర పట్టదు, వణుకుతాడు, ఏవేవో మాట్లాడతాడు, ఫిట్స్ కూడా రావచ్చు. చూసేవాళ్లకు అది మేనియాలా ఉంటుంది, చేయాల్సిన వైద్యం వేరు. ఏ కంపౌండ్‌లో ఎంత తాగుతాడో నేను అడిగేది తిట్టడానికి కాదు, తప్పు గోలీ రాయకుండా ఉండటానికి.

అపోహ: నయమైంది కదా, ఇక ఆపేయొచ్చు.

నయమైనట్టు ఉన్నది గోలీ వల్లే. లిథియం హఠాత్తుగా ఆపితే కొద్ది నెలల్లోనే మేనియా తిరిగొచ్చే ముప్పు బాగా పెరుగుతుంది. జాన్‌పహాడ్ దర్గాకు పోవద్దని, మొక్కు తీర్చుకోవద్దని నేనెప్పుడూ అనను, గోలీలు సంచిలో పెట్టుకుని వెళ్లమంటాను. ముంబై, పుణెలకు పనికి వెళ్లే పాలమూరు వాళ్లకు ఇంకో మాట. బయలుదేరే ముందు సరిపడా గోలీలు తీసుకోండి, చీటీ ఫొటో ఫోన్‌లో పెట్టుకోండి. ఏ ఊళ్లో ఉన్నా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేస్తే ఉచితంగా తెలుగులో మాట్లాడతారు. లామోట్రిజిన్ వాడేవాళ్లకు ఐదు రోజులకు మించి గోలీ తప్పిపోతే పాత డోసుతో మళ్లీ మొదలుపెట్టకూడదు. ప్రాణం మీదికి తెచ్చే దద్దుర్లు రావచ్చు. మళ్లీ 25 మిల్లీగ్రాముల నుంచి, వారాల మీద మెల్లగా పెంచుకుంటూ రావాలి. అది కూడా డాక్టర్‌తో మాట్లాడాకే.